రోజూ ఆఫీసుకు, అప్పుడప్పుడు ట్రాక్‌కు: జీఆర్86లో ఏది ముందు మార్చాలి, ఏది వదిలేయాలి

మీరు అడిగినదాన్ని ముందుగా ఒకచోట పెట్టుకుంటాను. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి సన్నీవేల్‌కు వారానికి నాలుగు రోజులు వెళ్లివచ్చే కారు అదే, ఏడాదికి ఐదారుసార్లు థండర్‌హిల్ రేస్ ట్రాక్‌కో లగూనా సేకా ట్రాక్‌కో తీసుకెళ్లాలనుకుంటున్న కారూ అదే. కొత్త టయోటా జీఆర్86, మాన్యువల్ గేర్లు, 18 అంగుళాల చక్రాలున్న ప్రీమియం రకం. చేతిలో ఐదు వేల డాలర్లున్నాయి. టర్బో, కాయిలోవర్లు (ఎత్తు సర్దుబాటు చేసుకోగల స్ప్రింగు-డ్యాంపర్ సెట్టు), పెద్ద బ్రేకులు, ఎగ్జాస్ట్, ఈ నాలుగింటిలో దేనితో మొదలుపెట్టాలని మీ సందేహం. దేనితోనూ మొదలుపెట్టవద్దన్నది నా సమాధానం. కారణాలు చెప్పకుండా ఆ మాట అనడం సులువు కాబట్టి, పదేళ్లకు పైగా ఇదే ప్రాంతంలో, ఇవే ట్రాకుల మీద, ఇంటికి ఒక్కటే కారుగా నడిపిన రెండు చిన్న కూపేల అనుభవంతో ఆ కారణాలను కొంచెం విస్తరంగానే రాస్తాను.

ట్రాక్ మీద కారులో అన్నీ ఒకేసారి విఫలం కావు. ఒక వరుస ఉంటుంది. మీ కారులో ఆ వరుస దాదాపు ఇలా నడుస్తుంది: మొదట బ్రేక్ ఫ్లూయిడ్, తర్వాత బ్రేక్ ప్యాడ్లు, ఆ తర్వాత ముందు టైర్ల బయటి అంచు, వేసవిలో అయితే వాటితో పాటే ఇంజిన్ ఆయిల్. 228 హార్స్‌పవర్ చాలలేదన్న బాధ ఈ వరుసలో ఎక్కడో చివరన వస్తుంది, అది కూడా వైఫల్యం కాదు, అసంతృప్తి మాత్రమే. ఖర్చు ఈ వరుసలోనే సాగాలి. పైగా ఒక మార్పు మరో భాగం మీద భారం పెంచుతుందన్న సంగతి చాలామంది లెక్కలోకి తీసుకోరు. జిగురైన టైర్లు వేస్తే బ్రేకులు మరింత బలంగా తొక్కగలుగుతాం, అందువల్ల ఫ్లూయిడ్ మరింత వేడెక్కుతుంది. మలుపుల్లో పక్కకు లాగే బలం పెరుగుతుంది, అందువల్ల సంప్‌లో, అంటే ఇంజిన్ అడుగున ఉండే తొట్టిలో, ఆయిల్ ఒక పక్కకు చేరుతుంది. టర్బో వేస్తే ఇవన్నీ ఒకేసారి పెరుగుతాయి. అంటే గొలుసులో బలహీనమైన లంకెను వదిలేసి, దాన్ని లాగే బలాన్ని పెంచుతున్నామన్నమాట.

బ్రేకుల దగ్గర కొంతసేపు ఆగుతాను, ఎందుకంటే మిగతావి డబ్బుతో పోయేవి, ఇది ప్రాణంతో ముడిపడినది. లగూనా సేకాలో మెయిన్ స్ట్రెయిట్ దాటి రెండో మలుపు, అంటే ఆండ్రెట్టి హెయిర్‌పిన్ దగ్గరికి మీరు దాదాపు 105 మైళ్ల వేగంతో వచ్చి 45 మైళ్లకు తగ్గిస్తారనుకుందాం. డ్రైవరుతో కలిపి కారు బరువు సుమారు 1,380 కిలోలనుకుంటే, ఆ ఒక్క బ్రేకింగ్‌లో దాదాపు 12 లక్షల జౌళ్ల శక్తి వేడిగా మారాలి. ఫ్రీవే మీద 65 మైళ్ల వేగం నుంచి పూర్తిగా ఆగిపోవడానికి కావలసినదానికి ఇది రెట్టింపుకు పైగానే. ఫ్రీవే మీద అటువంటి బ్రేకింగ్ నెలకోసారి కూడా రాదు. ట్రాక్ మీద ఇలాంటివి, ఇంతకంటే కొంచెం చిన్నవి ప్రతి ల్యాప్‌లోనూ అనేకం వస్తాయి, అదీ ఇరవై నిమిషాల పాటు, మధ్యలో చల్లబడే తీరిక లేకుండా. ఇంజిన్‌కు రేడియేటర్ ఉంది, బ్రేకులకు గాలే దిక్కు.

ఆ వేడికి మొదట లొంగేది ఫ్లూయిడ్. మన కార్లలో వాడే గ్లైకాల్ రకం ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు, తేమ చేరాక ఆ పరిమితి 155 డిగ్రీలకు పడిపోతుంది. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు ఏర్పడతాయి, బుడగ నలుగుతుంది కాబట్టి పెడల్ నేల దాకా దిగిపోతుంది, కారు మాత్రం ఆగదు. నా రెండో ట్రాక్ రోజున థండర్‌హిల్‌లో సరిగ్గా ఇదే జరిగింది. తప్పు నాదే, మూడేళ్ల నాటి ఫ్లూయిడ్‌తో వెళ్లాను. పెడల్‌ను రెండు మూడుసార్లు గబగబా తొక్కితే కొంత ఒత్తిడి తిరిగి వచ్చింది, గడ్డిలోకి వెళ్లి ఆగాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ మరుసటి వారమే మంచి ఫ్లూయిడ్ కొన్నాను. తేమ చేరనప్పుడు 300 డిగ్రీలు దాటినా మరగని రేసింగ్ ఫ్లూయిడ్లు, మోటుల్ ఆర్‌బీఎఫ్ 600, క్యాస్ట్రాల్ ఎస్ఆర్ఎఫ్ వంటివి, సులభంగా దొరుకుతాయి. వీటిలో రెండోది ఖరీదెక్కువైనా, తేమ చేరాక కూడా మరుగు స్థానం ఎక్కువగానే నిలుపుకొంటుంది కాబట్టి రోజూ నడిపే కారుకు అదే నాకు నచ్చింది. ఏదైనా సరే, పాతదంతా పోయేలా మార్పించండి, ఏడాదికి ఒకసారి తప్పనిసరిగా కొత్తది పోయించండి, ప్రతి ట్రాక్ రోజుకు ముందూ కొద్దిగా వదిలించి బుడగలు లేవని చూసుకోండి.

ప్యాడ్లు విఫలమయ్యే తీరు వేరు, ఆ తేడా కాలికే తెలుస్తుంది. ఫ్లూయిడ్ మరిగితే పెడల్ మెత్తబడి కిందికి పోతుంది. ప్యాడ్ వేడెక్కి పట్టు కోల్పోతే పెడల్ రాయిలా గట్టిగానే ఉంటుంది గానీ ఎంత తొక్కినా కారు నెమ్మదించదు. కంపెనీ ప్యాడ్లు నగరంలో శబ్దం లేకుండా, దుమ్ము లేకుండా, చల్లటి ఉదయం మొదటి సిగ్నల్ దగ్గరే పట్టేలా తయారుచేసినవి. అసలు సిసలు ట్రాక్ ప్యాడ్లు ఇందుకు పూర్తిగా తలకిందులు: వేడెక్కితే గానీ పట్టవు, ప్రతి సిగ్నల్ దగ్గరా కీచుమంటాయి, వాటి దుమ్ము తడి తగిలితే చక్రాల రంగును తినేస్తుంది. మీలా ఏడాదికి ఐదారుసార్లు, అదీ మొదటి ఏడాది వెళ్లేవారికి ఫెరోడో డీఎస్2500 వంటి మధ్యస్థ ప్యాడ్లు చాలు. అవి కొంచెం కూస్తాయి, కానీ చల్లగా ఉన్నా పనిచేస్తాయి. వేగం పెరిగి అవి కూడా చాలనప్పుడు ముందు రోజు రాత్రి ట్రాక్ ప్యాడ్లు వేసుకుని, వచ్చాక తీసేసే పద్ధతికి మారవచ్చు. ముందు కాలిపర్లు, అంటే ప్యాడ్లను నొక్కిపట్టే భాగాలు, జారే రకమే కాబట్టి చేతికి అలవాటైతే గంటన్నర పని. అయితే ఒకే రోటర్ మీద, అంటే ప్యాడ్లు పట్టుకునే లోహపు డిస్కు మీద, రెండు వేర్వేరు మిశ్రమాల ప్యాడ్లను మార్చి మార్చి వాడితే రోటర్ మీది పొర ప్రతిసారీ కొత్తగా ఏర్పడాలి, కుదిరితే రోటర్లు కూడా రెండు జతలుంటే మంచిది. రోటర్లు మామూలు నున్నటివే కొనండి. చూడముచ్చటగా రంధ్రాలున్నవి ట్రాక్ వేడికి ఆ రంధ్రాల దగ్గరే పగుళ్లు విచ్చుకుంటాయి.

ఇక పెద్ద బ్రేకుల సంగతి. 2024 నమూనా నుంచి టయోటా ఐచ్ఛికంగా ఇస్తున్న పర్ఫార్మెన్స్ ప్యాకేజీలో బ్రెంబో బ్రేకులు, సాక్స్ డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు) వస్తాయి. మీరు తీసుకున్న కారులో అవి లేవని విచారిస్తున్నట్టు రాశారు. ఉంటే బాగుండేదే, కానీ లేనందుకు ఇప్పుడు రెండున్నర వేలు పోయనక్కరలేదు. పెద్ద కాలిపర్, పెద్ద రోటర్ చేసేది వేడిని ఎక్కువసేపు భరించడమే. ఒకసారి తొక్కినప్పుడు కారు ఎంత దూరంలో ఆగుతుందన్నది ప్రధానంగా టైరు పట్టే నిర్ణయిస్తుంది. మంచి ఫ్లూయిడ్, మంచి ప్యాడ్లు వేసి కూడా సెషన్ చివరికి వేడి సమస్య మిగిలితే, అప్పుడు మాట్లాడుకుందాం. ఖర్చు లేని ఉపాయం ఒకటుంది: ప్రతి సెషన్‌లో చివరి ల్యాప్‌ను వీలైనంత తక్కువ బ్రేకింగ్‌తో, గాలి తగిలేలా నడపండి. ప్యాడాక్‌కు, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటికి, వచ్చాక హ్యాండ్‌బ్రేక్ లాగవద్దు, గేరులో ఉంచి చక్రం కింద చెక్కముక్క పెట్టండి.

తర్వాతిది ముందు చక్రాల క్యాంబర్, అంటే నిటారు నుంచి చక్రం లోపలికో బయటికో వాలి ఉండే కోణం. ఈ కారును కొన్నవారిలో ఎక్కువమంది అర్థం చేసుకోకుండా డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ముందు సస్పెన్షన్ మెక్‌ఫర్సన్ స్ట్రట్ రకం, అంటే స్ప్రింగు, డ్యాంపర్ కలిసిన ఒకే స్తంభం (స్ట్రట్) చక్రాన్ని పట్టి ఉంచుతుంది. మలుపులో బాడీ ఒరిగినప్పుడు చక్రం కూడా దాదాపు దానితో పాటే బయటికి ఒరుగుతుంది, పైనా కిందా ఆర్మ్‌లుండే డబుల్ విష్‌బోన్ రకంలోలా తనను తాను తగినంతగా సరిదిద్దుకోదు. ఫ్యాక్టరీ నుంచి ముందు క్యాంబర్ దాదాపు సున్నా ఉంటుంది. దాంతో మలుపులో టైరు తన బయటి భుజం మీద నడుస్తుంది, మధ్య, లోపలి భాగాలు ఖాళీగా ఉంటాయి. మూడు ట్రాక్ రోజులకే భుజం అరిగి, మిగిలిన టైరు కొత్తదిలా ఉండడం నేను చాలాసార్లు చూశాను. లగూనా సేకా అపసవ్య దిశలో నడిచే ట్రాక్ కాబట్టి అక్కడ కుడివైపు ముందు టైరుదే ఈ కష్టమంతా.

దీనికి చవకైన మందు క్యాంబర్ బోల్టులు. స్ట్రట్‌ను చక్రపు భాగానికి బిగించే బోల్టు స్థానంలో వేసే ఈ సన్నటి బోల్టులతో, ఒక మోస్తరుగా, ఒకటిన్నర డిగ్రీల రుణ క్యాంబర్ వస్తుంది, అంటే చక్రం పై అంచు అంతమేరకు లోపలికి వాలుతుంది. ఖర్చు అలైన్‌మెంట్‌తో కలిపి మూడు వందల లోపే. స్ట్రట్ పై భాగంలో వేసే క్యాంబర్ ప్లేట్లతో రెండున్నర, మూడు డిగ్రీలు కూడా సాధ్యమే, కానీ వాటిలో రబ్బరు బదులు లోహపు బేరింగు ఉన్న రకాలు గతుకుల మీద టకటకమని మోగుతాయి. మొదటి ఏడాదికి బోల్టులు చాలునన్నది నా అభిప్రాయం. వెనుక చక్రాలను ఉన్నచోటే ఉంచండి. రుణ క్యాంబర్ వల్ల రోజువారీ ప్రయాణంలో లోపలి అంచు అరిగిపోతుందన్న భయం మీకూ ఉందని రాశారు. నిజానికి టైరును ఎక్కువగా తినేది క్యాంబర్ కన్నా టో, అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం. క్యాంబర్ మార్చగానే టో కూడా మారిపోతుంది కాబట్టి, అదే రోజు ముందు టోను సున్నాకు తెప్పించండి, అచ్చు వేసిన కాగితాన్ని దాచుకోండి. అది చేయకుండా బోల్టులు మాత్రమే బిగించుకుని ఆరు నెలలు తిరిగినవారే క్యాంబర్‌ను తిట్టిపోస్తారు.

కాయిలోవర్ల గురించి మీరు ఒక వెయ్యి డాలర్ల సెట్టును ప్రత్యేకంగా ప్రస్తావించారు. ఆ ధరలో నేనూ ఒకసారి కొన్నాను, పేరు అప్రస్తుతం. ఏడాదిన్నరలో ఒకటి నూనె కారింది, మిగిలినవి సర్దుబాటు తిరగనంతగా బిగుసుకుపోయాయి. 880 ఫ్రీవే మీద కాంక్రీటు అతుకులు దాటే ప్రతిసారీ పళ్లు కొట్టుకునేవి. ఆ ఏడాదే మా అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. విమానాశ్రయం నుంచి ఇంటికి వచ్చేసరికి మా నాన్నగారు నడుము పట్టుకుని దిగారు, ఆ తర్వాత గుడికి కూడా ఆ కారులో రానన్నారు. రోజూ నడిపే కారు సస్పెన్షన్‌కు అంతకు మించిన పరీక్ష నాకు తెలియదు. చవక డ్యాంపర్ల కంటే కంపెనీ డ్యాంపర్లు ట్రాక్ మీద కూడా మేలు. మంచివి కొనాలంటే మీ బడ్జెట్‌లో సగం అక్కడే పోతుంది.

కారును కిందికి దించే విషయంలో మరో చిక్కుంది. స్ట్రట్ రకం సస్పెన్షన్ ఉన్న కారును బాగా దించితే కింది ఆర్మ్ చక్రం వైపు పైకి వాలుతుంది, దానితో రోల్ సెంటర్, అంటే బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది, గురుత్వ కేంద్రం కంటే ఎక్కువగా కిందికి పడిపోతుంది. అంటే రెండింటి మధ్య దూరం పెరిగి, బాడీ ఒరిగే బలం తగ్గడానికి బదులు పెరుగుతుంది. దాన్ని అణచడానికి ఇంకా గట్టి స్ప్రింగులు కావాలి. కారు చూడడానికి నేలకు అతుక్కున్నట్టు ఉంటుంది, నడవడం మాత్రం ముందుకంటే అధ్వానం. ఒక అంగుళానికి మించి దించడం ఈ కారుకు ఏ రకంగానూ లాభం కాదు. మీ ఆఫీసు పార్కింగ్ ర్యాంపు సంగతి సరేసరి.

ఇంజిన్ ఆయిల్ దగ్గరికి వస్తాను. ఈ 2.4 లీటర్ల బాక్సర్ ఇంజిన్ రోడ్డు మీద ఎంత నడిపినా నిశ్చింతగా ఉంటుంది. ట్రాక్ మీద మాత్రం రెండు విషయాలు చూసుకోవాలి. మొదటిది వేడి. విల్లోస్ పట్టణం పక్కనున్న థండర్‌హిల్‌లో జులైలో 38 డిగ్రీల ఎండ మామూలే, ఆ ఎండలో ఆయిల్ 130 డిగ్రీలు దాటడం చాలా సులువుగా జరిగిపోతుంది. డ్యాష్ మీది అంకెను ప్రతి ల్యాప్‌లో స్ట్రెయిట్ మీద ఒకసారి చూడండి, 130 దగ్గర పడితే ఒక ల్యాప్ నెమ్మదిగా నడపండి. వేసవిలో తరచూ వెళ్లేటట్లయితే ఆయిల్ కూలర్ అవసరమే, కానీ రోజూ నడిపే కారు కాబట్టి థర్మోస్టాట్ ఉన్న రకమే వేయించండి. అది లేకపోతే డిసెంబరు ఉదయాల్లో ఆయిల్ సన్నీవేల్ చేరేదాకా వేడెక్కదు, అందులో చేరిన నీటి ఆవిరీ పెట్రోలూ బయటికి పోవు. మీ మొదటి రెండు మూడు రోజులను అక్టోబరు నుంచి మార్చి మధ్యలో పెట్టుకుంటే ఈ ఖర్చును ఏడాది వాయిదా వేయవచ్చు. రెండోది ఆయిల్ పీడనం. పొడవైన కుడి మలుపుల్లో పీడనం పడిపోవడం ఈ ఇంజిన్ విషయంలో ట్రాక్‌కు వెళ్లేవారు కొలిచి చూసి చెప్పిన సంగతి, జిగురు టైర్లతో ఇది ఎక్కువవుతుంది. అందుకని ప్రతి సెషన్‌కు ముందు డిప్‌స్టిక్ తీసి, ఆయిల్ పై గీత దగ్గరే ఉండేలా చూడండి, రెండు ట్రాక్ రోజులకోసారి మార్చండి. 0డబ్ల్యూ-20 అనే పల్చటి ఆయిల్ బదులు కొంచెం చిక్కటి ఆయిల్ వాడవచ్చా అంటే, అధిక భారం కింద అటువంటిది మేలు కావచ్చని టయోటా మాన్యువల్ తానే అంటుంది, ఒకసారి చదివి నిర్ణయించుకోండి.

టర్బో, ట్యూన్ (ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్పు), ఎగ్జాస్ట్ గురించి క్లుప్తంగానే చెబుతాను. కాలిఫోర్నియా వాహన చట్టం 27156 సెక్షన్ ప్రకారం ఉద్గార నియంత్రణ మీద ప్రభావం చూపే భాగానికి రాష్ట్ర వాయు వనరుల మండలి, అంటే కార్బ్, ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ సంఖ్య ఉండాలి. 2021 జులై నుంచి స్మాగ్ (పొగ కాలుష్యం) తనిఖీలో ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చారా అన్నది కూడా చూస్తున్నారు. కొత్త కారుకు ఆ తనిఖీ వెంటనే రాదు గనుక ఏమీ కాదని చెప్పేవారు మీకు కనిపిస్తారు, కారు అమ్మే రోజున వారెవరూ కనిపించరు. వారంటీ సంగతి కూడా ఉంది. 1975 నాటి మాగ్నూసన్-మాస్ చట్టం వల్ల బయటి ప్యాడ్లు వేశారన్న ఒక్క కారణంతో ఇంజిన్ వారంటీ రద్దు చేయలేరు, కానీ విరిగిన కనెక్టింగ్ రాడ్‌కు కారణం మీరు వేసిన టర్బోయేనని చూపగలిగితే నిరాకరించవచ్చు. ఎగ్జాస్ట్ విషయంలో లగూనా సేకాలో శబ్ద పరిమితి కఠినం, మామూలు రోజుల్లో 90, 92 డెసిబెల్‌ల దగ్గర ట్రాక్ పక్కనే కొలుస్తారు, దాటితే నల్లజెండా చూపించి బయటికి పిలుస్తారు. ఆ రోజుకు కట్టిన డబ్బు తిరిగి రాదు.

లోపలి భాగాల్లో నేను గట్టిగా వద్దనేది ఒక్కటే: రోల్ బార్ లేకుండా నాలుగు పట్టీల హార్నెస్. కంపెనీ మూడు పట్టీల బెల్టు, ఎయిర్‌బ్యాగు, సీటు ఒకదానికొకటి సరిపడేలా రూపొందినవి. కారు బోల్తా పడితే మామూలు బెల్టులో మనిషి పక్కకు వంగగలడు, హార్నెస్‌లో నిటారుగా ఉండిపోతాడు, పైకప్పు నలిగేది తల మీదికే. హెల్మెట్ మాత్రం ఇప్పుడే కొనండి, స్నెల్ ఎస్ఏ2020 లేదా ఆ తర్వాతి గుర్తు ఉన్నది. మోటార్‌సైకిళ్లకు ఇచ్చే ఎం గుర్తు హెల్మెట్లను చాలాచోట్ల ఒప్పుకోరు. మామూలు కారు బీమా ట్రాక్ మీద సాధారణంగా వర్తించదు. ఒక్క రోజుకు ఇచ్చే ట్రాక్ పాలసీలున్నాయి, కారు మీద ఇంకా అప్పు ఉందని రాశారు కాబట్టి దాన్ని ఖర్చు కింద కాక అవసరం కింద లెక్కపెట్టండి.

టైర్లను కావాలనే చివరకు ఉంచాను. మీ కారుతో వచ్చిన మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 టైర్లు మొదటి ఏడాదికి సరైన గురువులు. పట్టు తప్పే ముందు అవి కీచుమని చెబుతాయి, నెమ్మదిగా జారతాయి, మళ్లీ పట్టుకుంటాయి. 200 ట్రెడ్‌వేర్ (టైరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పే అంకె) ఉన్న జిగురు రకాలు పట్టును ఇంకా ఎక్కువ వేగం దాకా నిలుపుకొంటాయి గానీ, వదిలితే ఒక్కసారిగా వదులుతాయి, అప్పటికి మీ వేగం కూడా ఎక్కువే. పైగా జనవరి వానలో నీళ్లు నిలిచిన ఫ్రీవే మీద అరిగిన 200 టైర్లతో వెళ్లడం నేను ఎవరికీ సలహా ఇవ్వను. రెండో ఏడాది వాటికి మారాలనిపిస్తే 17 అంగుళాల విడి చక్రాల జత మీద వేసుకోండి, ఆ సైజులో టైర్ల ధర తక్కువ. ఒక్కటి మాత్రం ఈ ఏడాదే అలవాటు చేసుకోండి. సెషన్ నుంచి రాగానే గాలి కొలవండి. చల్లగా నింపినదానికి ఐదారు పౌండ్లు పెరిగి ఉంటుంది. వేడిగా ఉన్నప్పుడు 35 పౌండ్ల దగ్గర ఉండేలా వదిలి, ఇంటికి బయలుదేరేముందు మళ్లీ నింపండి.

లెక్క చూస్తే ఫ్లూయిడ్, నాలుగు చక్రాలకూ ప్యాడ్లు, క్యాంబర్ బోల్టులు, అలైన్‌మెంట్, హెల్మెట్ అన్నీ కలిపి పదిహేను వందల డాలర్ల చుట్టుపక్కల తేలుతాయి. మిగిలిన మూడున్నర వేలు ట్రాక్ రోజుల రుసుములకు, ఒక్కరోజు బీమాకు, మధ్యలో అరిగే టైర్లకు ఉంచండి. అమెరికాలో కొత్త జీఆర్86 కొన్నవారికి టయోటా ఒక ఏడాది నాసా సభ్యత్వం ఇస్తూ వస్తోంది. అంతరిక్ష సంస్థ కాదు, నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్. దానితో ఒక డ్రైవింగ్ శిక్షణ రోజు ఉచితం, దాన్ని వాడుకోకుండా వదిలేసినవారు నాకు తెలిసి చాలామందే ఉన్నారు. మీ పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ కూర్చునే ఆ రోజున కారులోని ట్రాక్ మోడ్‌ను ఉంచండి, స్థిరత్వ నియంత్రణను పూర్తిగా తీసేయవద్దు. ఫ్లూయిడ్ మార్పించి, క్యాంబర్ బోల్టులు వేయించాక వెళ్లండి, కొత్త ప్యాడ్లను ఇంటి దగ్గరే బెడ్డింగ్ చేసుకుని, అంటే రోటర్లకు అలవాటు చేసుకుని, వెళ్లండి.

సాయంత్రం బయలుదేరేముందు టార్క్ రెంచ్ తీసి ఇరవై నట్లనూ 89 పౌండ్-అడుగులకు సరిచూసుకోండి, చక్రాలు చల్లబడ్డాకే. విల్లోస్ నుంచి ఫ్రీమాంట్‌కు దాదాపు 150 మైళ్లు, సోమవారం ఉదయం ఆఫీసుకు వెళ్లాల్సింది కూడా ఆ కారులోనే.